ఈమ్: డార్బీషైర్ కొండల్లోని ప్లేగు గ్రామం

ఈమ్ ఇంగ్లాండ్ మధ్యభాగంలో, డార్బీషైర్ కౌంటీలో ఉన్న చిన్న గ్రామం. పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ వనం పరిధిలో, డార్బీషైర్ డేల్స్ జిల్లా పాలన కింద ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ నమోదైనవారు 969 మంది. 1665 సెప్టెంబరు నుంచి 1666 నవంబరు వరకు ఈ ఊరిని ప్లేగు పట్టి పీడించింది. వ్యాధి పొరుగూళ్లకు పాకకుండా గ్రామస్థులు తమ పొలిమేరను తామే మూసుకున్నారు. ఈమ్ పేరు లోకానికి తెలిసింది ఆ 14 నెలల వల్లనే. ఊరి ఉనికికి ఆధారం మాత్రం అంతకుముందూ ఆ తరువాతా చాలాకాలం పాటు సీసం గనులే.

స్థానం, భూస్వరూపం

షెఫీల్డ్ నగరానికి నైరుతి దిక్కున, బేక్‌వెల్ పట్టణానికి ఉత్తరాన ఒక కొండవాలు మీద ఈ గ్రామం ఉంది. రెండు రకాల నేలలు ఇక్కడ కలుస్తాయి. దక్షిణాన సున్నపురాయి నేల, దానిలో లోతైన ఇరుకు లోయలు, గుహలు ఉన్నాయి. ఉత్తరాన ఈమ్ ఎడ్జ్ అనే నిటారు గట్టు, ఆ పైన గరుకు ఇసుకరాయి మీద పరచుకున్న పొదల మైదానం. గట్టు మీద కురిసిన వాన సున్నపురాయి తగలగానే నేలలోకి ఇంకిపోతుంది. అందువల్ల గట్టు అడుగున ఊటలు దొరికే వరుసలోనే ఇళ్లు ఏర్పడ్డాయి, ఊరు తూర్పు పడమరలుగా ఒకే పొడవాటి వీధిగా సాగింది. 1588లోనే ఊటల నీటిని మళ్లించి వీధి పొడవునా రాతి తొట్లలోకి వచ్చేలా చేశారు. ఇంగ్లాండ్ గ్రామాల్లో ఇది తొలి మంచినీటి ఏర్పాట్లలో ఒకటని స్థానికులు చెబుతారు. ఆ తొట్లలో కొన్ని నేటికీ వీధి పక్కన కనిపిస్తాయి.

పేరు

1086 నాటి డూమ్స్‌డే సర్వే గ్రంథంలో ఈ ఊరు 'అయునే' అని నమోదైంది. దీవి అనే అర్థమున్న ప్రాచీన ఆంగ్ల పదం దీనికి మూలమని పండితుల అభిప్రాయం. రెండు వాగుల నడుమ ఉన్నందునో, బీడు మధ్య సాగునేల ముక్కగా ఉన్నందునో ఆ పేరు వచ్చి ఉండవచ్చు.

తొలి చరిత్ర

ఈమ్ మూర్ మీద ఉన్న వెట్ విదెన్స్ అనే రాతి వలయం కంచుయుగం నాటిది. దానిలో పది రాళ్లు మిగిలాయి. అవి చిన్నవి కావడంతో వేసవిలో పొదలు ఎదిగినప్పుడు వెతికి చూస్తే తప్ప కనపడవు. రోమన్ల కాలం నుంచే ఈ ప్రాంతంలో సీసం తవ్వేవారు. ఆంగ్లో-సాక్సన్ యుగానికి ప్రధాన సాక్ష్యం చర్చి ఆవరణలోని శిలువ (చూ. దర్శనీయ స్థలాలు).

సీసం గనులు

ఈమ్ ఆర్థిక చరిత్రకు మూలం సీసమే. డార్బీషైర్ గని పనివారికి ప్రత్యేక చట్టాలుండేవి. సీసం పొర కనిపెట్టినవాడు నిర్ణీత పన్నులు చెల్లిస్తే, నేల ఎవరిదైనా దాన్ని తవ్వుకునే హక్కు అతనికి దక్కేది. తగాదాలు తీర్చడానికి బార్‌మోట్ అనే గనుల న్యాయస్థానం కూర్చునేది. తవ్విన ఖనిజంలో దశమభాగం చర్చికి చెందేది. 18వ శతాబ్దంలో ఎడ్జ్‌సైడ్ పొర బయటపడ్డాక ఈ రాబడి బాగా పెరిగింది. ఇంత చిన్న ఊరి రెక్టర్ పదవికి, అంటే ఆదాయ హక్కులున్న ప్రధాన మతాచార్యుడి పదవికి, అంత గిరాకీ ఉండటానికి కారణం అదే. పదవిలో ఉంటూ వేరే పట్టణంలో కాపురం పెట్టి, ఇక్కడ సహాయకుణ్ణి నియమించుకున్న రెక్టర్లూ ఉన్నారు.

తవ్వకాలు లోతుకు పోయేకొద్దీ నీరు ఊరసాగింది. దాన్ని వెళ్లగొట్టడానికి లోయ వైపు వాలుగా సొరంగ కాలువలు తవ్వారు. వాటిని స్థానికంగా 'సఫ్' అంటారు. 19వ శతాబ్దం చివరికి సీసం వ్యాపారం క్షీణించింది. 20వ శతాబ్దంలో అవే గనుల్లో ఫ్లోర్‌స్పార్ ఖనిజాన్ని తవ్వారు. పూర్వం సీసం కోసం తవ్వినవారు ఇది పనికిరాదని పక్కన పారేశారు. ఉక్కు, రసాయన పరిశ్రమలకు అవసరమయ్యేసరికి దానికి విలువ వచ్చింది. గనులతో పాటు పత్తి, పట్టు నేత, ఆ తరువాత చెప్పుల తయారీ కూడా ఊరికి కొంతకాలం జీవనాధారాలయ్యాయి. పట్టు బట్టకు రెండు వైపులా ఒకే నమూనా వచ్చేలా నేసే పద్ధతిని రూపొందించిన రాల్ఫ్ వేన్ ఈ ఊరి నేతగాడే.

ప్లేగు (1665–1666)

వ్యాధి రాక: 1665లో లండన్‌ను మహా ప్లేగు కబళించింది. ఆ వేసవి చివర ఈమ్‌లోని దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. తడిగా ఉన్న ఆ బట్టలను అతని సహాయకుడు జార్జ్ వికార్స్ విప్పి మంట దగ్గర ఆరబెట్టాడని, వాటిలోని పురుగులు కరిచి జబ్బుపడ్డాడని కథనం. వికార్స్ ఖననం సెప్టెంబరు 7న జరిగినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. అదే ఇంట్లో ఉన్న ఎడ్వర్డ్ కూపర్ అనే పిల్లవాడి ఖననం సెప్టెంబరు 22న నమోదైంది. ఆపై ఇరుగు పొరుగు ఇళ్లు వరుసగా చిక్కుకున్నాయి. చలికాలంలో మరణాలు తగ్గాయి కానీ ఆగలేదు. 1666 వేసవిలో వ్యాధి మళ్లీ విజృంభించింది.

ఇద్దరు మతాచార్యులు: అప్పటి రెక్టర్ విలియమ్ మోంపెసన్‌కు 28 ఏళ్లు. ఊరికి వచ్చి రెండేళ్లే అయింది. అతనికి ముందు ఇక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ ప్యూరిటన్. 1662 నాటి మత ఏకరూపతా చట్టానికి లోబడనందుకు పదవి పోగొట్టుకుని ఊరి పొలిమేరలోనే ఉంటున్నాడు. ఊరివాళ్లలో చాలామంది మనసు ఇంకా స్టాన్లీ వైపే ఉండేది. కొత్త రెక్టర్ మాట ఒక్కటే చెల్లుబాటయ్యే పరిస్థితి కాదు. వేర్వేరు మత పక్షాలకు చెందిన ఈ ఇద్దరూ కలిసి మాట్లాడుకుని, ఒకే ప్రతిపాదనను ప్రజల ముందు పెట్టారు. ఈమ్ చరిత్రలో తగినంత గుర్తింపు రాని ఘట్టం ఇదే. 19వ శతాబ్దపు రచనలు కీర్తినంతా మోంపెసన్‌కే కట్టబెట్టాయి. చర్చి ఆవరణలో స్టాన్లీకి స్మారక శిల వెలిసింది 1891లో.

కట్టుబాట్లు: 1666 జూన్‌లో మూడు నిర్ణయాలు అమలులోకి వచ్చాయి. మృతులను చర్చి ఆవరణకు తీసుకురాకుండా, ఎవరింటి వారిని వారే తోటలోనో పొలంలోనో పూడ్చాలి. చర్చి తలుపులు మూసి, ఆరాధనలు కక్‌లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయలో ఆరుబయట జరపాలి, కుటుంబాలు ఒకదానికొకటి ఎడంగా నిలబడాలి. మూడవది, గ్రామం చుట్టూ ఒక సరిహద్దు దాటి ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు.

సరిహద్దు రాళ్ల దగ్గర, కొండమీది ఒక ఊట దగ్గర పొరుగూళ్లవారు తిండిగింజలు, మందులు పెట్టి వెళ్లేవారు. ప్రతిగా ఈమ్ గ్రామస్థులు నాణేలను వెనిగర్ నింపిన రాతి గుంటల్లోనో, పారే నీటిలోనో వదిలేవారు. చాట్స్‌వర్త్ భవనంలో ఉన్న డెవన్‌షైర్ ప్రభువు ఊరికి ఆహారం అందే ఏర్పాటు చేశాడు. ఆ సాయం లేకుంటే కట్టుబాటు ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేం. పొలాల్లో పని ఆగిపోయిన ఊరికి బయటి ధాన్యమే దిక్కు.

మరణాలు: 1666 ఆగస్టు ఒక్క నెలలోనే డెబ్భైకి పైగా మరణాలు సంభవించాయి. ఊరికి తూర్పున కొండవాలు మీద ఉన్న రైలీ పొలంలో హాన్‌కాక్ కుటుంబం ఉండేది. ఆగస్టు 3 నుంచి 10 వరకు ఎనిమిది రోజుల్లో ఎలిజబెత్ హాన్‌కాక్ తన భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతోనే పూడ్చింది. అంటుకుంటుందన్న భయంతో శవాల కాళ్లకు గుడ్డ కట్టి ఈడ్చుకెళ్లిందని అంటారు. ఆమెకు వ్యాధి సోకలేదు. మార్షల్ హౌ అనే గని పనివాడు జబ్బుపడి కోలుకున్నాడు. పూడ్చేవారు లేని ఇళ్లలో శవాలను అతను తీసుకెళ్లి పూడ్చి, కూలి కింద చనిపోయినవారి సామాను పుచ్చుకునేవాడు. పిల్లలు మాట వినకపోతే అతని పేరు చెప్పి భయపెట్టడం తరువాతి తరాలకు అలవాటయింది.

రెక్టర్ భార్య కేథరీన్ మోంపెసన్ ఇద్దరు పిల్లలను ముందే ఊరు దాటించి, తాను భర్తతో ఉండిపోయింది. ఆగస్టు చివరి వారంలో ఆమె మరణించింది. నవంబరు 1న సంభవించినది చివరి ప్లేగు మరణంగా లెక్కిస్తారు. ఆ నెలలోనే రాసిన లేఖలో మోంపెసన్ 76 కుటుంబాలకు వ్యాధి సోకిందని, 259 మంది చనిపోయారని తెలిపాడు. 1669లో అతను నాటింగమ్‌షైర్‌లోని ఈక్‌రింగ్‌కు బదిలీ అయ్యాడు. ప్లేగు ఊరి నుంచి వచ్చినవాడన్న భయంతో అక్కడి ప్రజలు మొదట అతణ్ణి ఊళ్లోకి రానివ్వలేదు. కొంతకాలం ఊరి బయట గుడిసెలో ఉండవలసి వచ్చిందని అక్కడి కథనం.

పరిశోధన, వివాదాలు

జనాభా: పాత పుస్తకాలు ఊరి జనాభా 350 అని, 83 మందే బతికారని రాశాయి. పన్ను జాబితాలు, చర్చి రిజిస్టర్లు పరిశీలించిన తరువాతి పరిశోధకులు అప్పటి జనాభా 700 నుంచి 800 వరకు ఉంటుందని లెక్కగట్టారు. ఆ లెక్కన దాదాపు మూడింట ఒక వంతు మంది మరణించారు. ఊరు తుడిచిపెట్టుకుపోయిందన్న మాట నిలవదు. అయినా 14 నెలల్లో మూడింట ఒక వంతు జనం పోవడం చిన్న విషయం కాదు.

వ్యాధి వ్యాప్తి: ప్లేగు కారక బాక్టీరియాను 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ గుర్తించాడు. ఎలుకల ఒంటిమీద ఉండే ఫ్లీ అనే రక్తం పీల్చే పురుగు ద్వారా అది మనుషులకు చేరుతుందని 1898లో కరాచీలో పాల్-లూయీ సిమాండ్ చూపాడు. ఎలుకలు, వాటి పురుగులు ఊరి సరిహద్దును లెక్కచేయవు కనుక కట్టుబాటు వల్ల లాభం లేకపోయిందని, పైగా లోపలివారికి ముప్పు పెరిగిందని కొందరు వాదించారు. 2016లో లిలిత్ విటిల్స్, జేవియర్ డిడెలో రిజిస్టరులోని తేదీలను గణిత నమూనాతో విశ్లేషించారు. వారి లెక్క ప్రకారం సుమారు నాలుగింట మూడు వంతుల మందికి వ్యాధి మనుషుల నుంచే సోకింది, ముఖ్యంగా ఒకే ఇంట్లో ఉన్నవారి నుంచి. ఇది నిజమైతే రాకపోకలు ఆపడానికి అర్థం ఉంది. చుట్టుపక్కల గ్రామాలకు ప్లేగు పాకిన దాఖలాలు లేకపోవడమూ ఈ వాదనకు బలమిస్తుంది.

జన్యువులు: బతికి బయటపడ్డవారి వారసుల్లో సీసీఆర్5 అనే జన్యువులో ఒక మార్పు ఎక్కువగా ఉందని, అదే వారిని కాపాడిందని ఇటీవలి దశాబ్దాల్లో ఒక ప్రతిపాదన వచ్చింది. తరువాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు.

కథనం నిర్మాణం: ఈమ్ కథ నేటి రూపం దాల్చింది 18, 19 శతాబ్దాల్లోనని చరిత్రకారుడు పాట్రిక్ వాలిస్ 2006లో వెలువడిన వ్యాసంలో వాదించాడు. స్థానికుడు విలియమ్ వుడ్ 1842లో ప్రచురించిన గ్రామ చరిత్రలో రిజిస్టరు వివరాలతో పాటు, రెండు శతాబ్దాల నాటి సంగతులపై పెద్దల నోట విన్న మాటలూ చేరాయి. పొరుగూరి యువకుడు రోలాండ్ టోర్, ఈమ్ యువతి ఎమట్ సిడాల్ దూరం నుంచే చూసుకునేవారన్న ప్రేమకథ అటువంటిదే. ఎమట్ 1666 ఏప్రిల్‌లో మరణించింది. ఊరి సరిహద్దు మూతపడింది జూన్‌లో. ఆ జంటను విడదీసింది గ్రామ కట్టుబాటు అయ్యే వీలు లేదు. ప్రజలంతా ఇష్టపడే కట్టుబడ్డారా అన్నది మరో ప్రశ్న. వెళ్లగలిగిన సంపన్నులు కొందరు ముందే వెళ్లిపోయారు. బయట నిలువ నీడ లేని పేదలకు ఉండిపోవడం తప్ప దారి లేదు. ఖననాల తేదీలు, మోంపెసన్ లేఖలు గట్టి ఆధారాలు. మిగతాదాన్ని జనశ్రుతిగానే చదువుకోవాలి.

దర్శనీయ స్థలాలు

సెయింట్ లారెన్స్ చర్చి: నేటి కట్టడంలో పాత భాగాలు ఎక్కువగా 14వ శతాబ్దానివి. నార్మన్ కాలపు స్తంభాలు కూడా ఉన్నాయి. 19వ శతాబ్దంలో పెద్దయెత్తున మరమ్మతులు జరిగాయి. లోపలి గోడల మీద ఇజ్రాయేలు పన్నెండు గోత్రాల చిహ్నాలతో పాత చిత్రాలు ఉన్నాయి. ప్లేగు మృతుల జాబితాను, మోంపెసన్ వాడినదని చెప్పే కుర్చీని ఇక్కడే చూడవచ్చు. ప్లేగు కథను చూపే రంగుటద్దాల కిటికీని 1985లో అమర్చారు. దక్షిణపు గోడ మీద 1775 నాటి పెద్ద నీడ గడియారం ఉంది. అది స్థానిక సమయంతో పాటు లోకంలోని వేర్వేరు నగరాల్లో మధ్యాహ్నం ఎప్పుడవుతుందో కూడా తెలుపుతుంది.

సాక్సన్ శిలువ: 8 లేదా 9వ శతాబ్దానిది. చేతుల మీద దేవదూతలు, కంబం మీద తీగల అల్లికలు చెక్కారు. ఇటువంటి శిలువల్లో చాలావాటికి పైభాగం విరిగిపోగా దీనికి పైభాగం మిగిలి, కంబంలో ఒక ముక్క పోయింది. అందుకే మనిషి ఎత్తుకు కొద్దిగా మించి కురచగా కనిపిస్తుంది. చాలాకాలం కలుపు మొక్కల్లో పడి ఉన్న దీన్ని జైళ్ల సంస్కర్త జాన్ హోవార్డ్ చూసి నిలబెట్టించాడని చెబుతారు.

సమాధులు: ప్లేగు మృతుల్లో చర్చి ఆవరణలో గుర్తించదగిన సమాధి కేథరీన్ మోంపెసన్‌ది. కట్టుబాట్ల తరువాత పోయిన తక్కినవారు తోటల్లో, పొలాల్లో ఉన్నారు. అదే ఆవరణలో ప్లేగుతో సంబంధం లేని మరో రాయి సందర్శకులను ఆపుతుంది. డార్బీషైర్ జట్టు క్రికెటర్ హ్యారీ బ్యాగ్‌షా 1927లో మరణించాడు. అతని సమాధి రాతి మీద బంతి తగిలి చెదిరిన వికెట్లు, పైన 'అవుట్' అని ఎత్తిన అంపైర్ వేలు చెక్కారు. ఆ వేలు చూపేది పైలోకం వైపని వేరే చెప్పనక్కరలేదు.

రైలీ సమాధులు: హాన్‌కాక్ కుటుంబానివి. పొలం మధ్యలో గుండ్రటి రాతి గోడ కట్టి కాపాడుతున్నారు. నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్నాయి. వీధి నుంచి నడిచి రావలసిన ఎడంలో, గాలి హోరులో ఉన్న ఈ చోటును చూస్తే ఆ కుటుంబం ఎంత ఒంటరిగా ఉండేదో తెలుస్తుంది.

సరిహద్దు రాయి, మోంపెసన్ బావి: స్టోనీ మిడిల్టన్‌కు వెళ్లే కాలిబాట పక్కన, నాణేల కోసం తొలిచిన గుంటలతో సరిహద్దు రాయి ఉంది. సామాను దించిన ఊట ఊరికి ఉత్తరాన కొండ దారిలో ఉంది. దాన్నే మోంపెసన్ బావి అంటారు.

ప్లేగు కుటీరాలు: వికార్స్ బస చేసిన ఇల్లు, దాని పక్క ఇళ్లు చర్చికి కొద్ది దూరంలోనే ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరు ఏ తేదీన మరణించారో ముందు నిలిపిన ఫలకాలు తెలుపుతాయి.

ఈమ్ హాల్: ప్లేగు ముగిసిన కొన్నేళ్లకు, 1670లలో రైట్ కుటుంబం కట్టిన రాతి భవనం. 2013 నుంచి 2017 వరకు నేషనల్ ట్రస్ట్ దీన్ని కౌలుకు తీసుకుని నడిపింది. ఎదురుగా ఉన్న పచ్చిక మీద పాత బొండకొయ్య కనిపిస్తుంది. తప్పు చేసిన గని పనివారిని దానిలో బిగించేవారట.

మైనర్స్ ఆర్మ్స్: 17వ శతాబ్దపు మద్యశాల. బార్‌మోట్ న్యాయస్థానం (చూ. సీసం గనులు) ఇక్కడ కూర్చునేది. ఆ శతాబ్దం చివర రెక్టర్‌గా ఉన్న జోసెఫ్ హంట్ ఇక్కడ తాగిన మైకంలో యజమాని కూతురితో ఉత్తుత్తి పెళ్లి జరిపించుకున్నాడని, సంగతి తెలిసిన బిషప్ ఆమెను నిజంగానే పెళ్లాడమని ఆదేశించాడని ఊరి కథ.

మ్యూజియం: 1994లో పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో మొదలైంది. ప్లేగు చరిత్రతో పాటు గనులు, నేత, చెప్పుల పనికి సంబంధించిన వస్తువులు కూడా ఉన్నాయి.

సాహిత్యంలో ఈమ్

లిచ్‌ఫీల్డ్ హంసగా పేరుపొందిన కవయిత్రి అనా సూవార్డ్ 1742లో ఇక్కడే పుట్టింది. ఆమె తండ్రి ఊరి రెక్టర్. రిచర్డ్ ఫర్నెస్ ఈ ఊరి మరో కవి. ప్లేగు ఘట్టం మీద డాన్ టేలర్ 'ద రోజెస్ ఆఫ్ ఈమ్' నాటకం రాశాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన జెరాల్డీన్ బ్రూక్స్ నవల 'ఇయర్ ఆఫ్ వండర్స్' 2001లో వెలువడింది. దానిలోని రెక్టర్ పాత్రకు మోంపెసన్ పేరు లేదు, నడత కూడా అతనిది కాదు.

ఆచారాలు

ద్విశతాబ్ది సందర్భంగా 1866లో మొదలైన స్మారక ఆరాధన ప్లేగు ఆదివారంగా స్థిరపడింది. ఇప్పుడు ఆగస్టు చివరి ఆదివారం కక్‌లెట్ డెల్ఫ్‌లో జరుగుతుంది. అదే రోజుల్లో బావుల అలంకరణ కూడా ఉంటుంది. ఇది డార్బీషైర్ ప్రాంతపు ఆచారం. పెద్ద చెక్క పలకలను నీటిలో నానబెట్టి, వాటి మీద తడి బంకమన్ను మెత్తుతారు. బొమ్మ గీతలను మన్ను మీద గుచ్చి, గింజలు, ఆకులు, పూరేకులు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా కింది నుంచి పైకి అద్దుతారు. వాన పడితే నీరు రేకుల మీదుగా జారిపోవడానికి ఈ వరస. పూర్తయిన పలకలను ఊటల దగ్గర నిలుపుతారు. మన్ను ఎండి బీటలు వారేదాకా, అంటే దాదాపు వారం, అవి నిలుస్తాయి.

నేటి గ్రామం

గనులు, కర్మాగారాలు మూతపడ్డాక ఊరికి పర్యాటకం ముఖ్యమైన ఆదాయమైంది. కొందరు పని కోసం షెఫీల్డ్ వంటి చోట్లకు వెళ్లి వస్తారు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఈమ్ పేరు ప్రపంచ పత్రికల్లో మళ్లీ వినిపించింది. ఊరికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ గ్రిండిల్‌ఫోర్డ్. అక్కడి నుంచి కొండ ఎక్కి నడిచి రావచ్చు. ప్లేగు కుటీరాల్లో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు కనుక, సందర్శకులు ఫలకాలను వీధిలో నిలబడే చదువుకోవాలి, గేటు దాటి లోపలికి వెళ్లకూడదు.